నా చెయ్యి చూసి దిగినవాడు

నిన్న మా క్రేన్‌ను కోసేశారు.

పింఛను పని మీద కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్‌కి వెళ్ళాను. గేటు దాటగానే ఇనుము కాలుతున్న వాసన. మా జెట్టీ మీద నిలబడి ఉండాల్సిన క్రేన్ పక్కకు ఒరిగి పడి ఉంది. నలుగురు మనుషులు దాని మెడ దగ్గర కూర్చుని గ్యాసు మంటతో కోస్తున్నారు. డ్రైవరు కూర్చునే డబ్బాను ముందే విడదీసి నేల మీద పెట్టారు. దాని కిటికీ చువ్వల మీద పాన్ మరకలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మనిషి పోయాడు గాని మరకలు పోలేదు. "కీ దేఖ్‌ఛేన్ దాదా, శోరే జాన్" అని ఒకడు కసిరాడు, ఏం చూస్తున్నావు, తప్పుకో అని. తప్పుకున్నాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. "ఏటైనాది?" అని మా ఆవిడ అడిగింది. పాత ఇనుము కోస్తుంటే ఏడుపొచ్చిందని చెప్తే నవ్వుతుంది. ఎండ దెబ్బ అన్నాను.

ఆ డబ్బాలో కూర్చున్నాయన పేరు రాయను. ఆయన భార్యకు ఇష్టం ఉండదు. నేను బావా అని పిలిచేవాణ్ణి. నిజానికి చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరి పెద్దలదీ శ్రీకాకుళం వైపే, వాట్‌గంజ్‌లో మా గదులు గోడకు గోడ ఆనుకుని ఉండేవి. ఆమెదీ మా ఇంటిపేరే కావడంతో కాపురానికొచ్చిన కొత్తలోనే నన్ను తమ్ముడా అంది, నేను అక్కా అన్నాను. ఇక ఆయన బావ కాక ఏమవుతాడు?

ఆయన క్రేన్ డ్రైవరు, నేను ఆయన సిగ్నల్‌మ్యాన్‌ని. ఈ పని తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. పైన డబ్బాలో కూర్చున్నవాడికి ఓడ కడుపులో ఏముందో కనిపించదు. అంచు మీద నిలబడి లోపలికి తొంగి చూసేవాడు ఒకడుండాలి. వాడి చెయ్యి చూసి డ్రైవరు హుక్కు నడుపుతాడు. అరచెయ్యి కిందికి ఊపితే ఆరియా, అంటే దించు. వేలు పైకి తిప్పితే హాబీస్, అంటే ఎత్తు. పిడికిలి బిగించి పైకెత్తితే ఆపు. ఆ పిడికిలి ఎవడు ఎత్తినా సరే ఆపాలి, ఎందుకని అడక్కూడదు. అడిగేలోపల కింద మనిషి నుజ్జయిపోతాడు. ఇరవయ్యేళ్ళ పైన ఆయన నా చెయ్యి చూసి పనిచేశాడు. ఒక్కనాడూ, పని అయ్యాక టీ తాగేటప్పుడు కూడా, "అప్పుడెందుకు ఆపించినావురా?" అని అడగలేదు. మిగతా డ్రైవర్లు అడిగేవాళ్ళు, తిట్టేవాళ్ళు కూడా. ఈయన అడగడు. అడగని ఆ మనిషి ఎప్పుడు అడుగుతాడోనని చివరి నాలుగేళ్ళు నేను చస్తూ బతికాను.

ముందు మనిషిని చూపిస్తాను.

పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. మెడ లావు. నిచ్చెన దిగేటప్పుడు అందరూ క్రేన్ వైపు మొహం పెట్టి దిగుతారు. ఈయన మాత్రం వీపు ఆనించి, గంగ వైపు చూస్తూ మేడమెట్లు దిగినంత తీరుబడిగా దిగేవాడు. "పడతావు బావా" అంటే "పడితే నీ మీదే పడతాన్లే, మెత్తగుంతాది" అనేవాడు. టీ వేళకు దిగడానికి బద్ధకం. హుక్కు దించేవాడు. టన్నుల బరువు మోసే ఆ హుక్కు నా ముక్కు ముందు వచ్చి ఆగేది. నేను దానికి టీ డబ్బా తగిలించి వేలు పైకి తిప్పితే, చుక్క ఒలక్కుండా పైకి వెళ్ళేది. కొత్తగా వచ్చిన బెంగాలీ సూపర్‌వైజరు ఒకాయన అది చూసి మండిపడ్డాడు. మర్నాడు ఆయనకూ ఒక టీ అదే హుక్కు మీద దిగింది. 

ఆయనకు ఒక ఊతమాట ఉండేది. ఎవరు ఏ సమస్య చెప్పినా "సెయ్యి సూపించు" అనేవాడు. అక్క వచ్చి కూతురికి ఫలానా సంబంధం వచ్చింది, ఏమంటావు అంటే "ఏటుంది, సెయ్యి సూపించు, దించేస్తాను" అనేవాడు. ఆమె తలకొట్టుకునేది. "ఈ మనిషికి ఇల్లూ ఓడే, పెళ్ళామూ సిగ్నలే" అని నాతో మొరపెట్టుకునేది. మాటకు అలా అనేదే గాని, ఆయన ఇంటికి వచ్చేదాకా వీధి చివర నిలబడి ఉండేది.

ఊరేగింపు సంగతి చెప్పకపోతే ఈయన అర్థం కాడు. ఆ రోజుల్లో ఎర్రజెండా ఊరేగింపు లేని వారం ఉండేది కాదు. యూనియన్ పిలిస్తే వెళ్ళాల్సిందే, సందేహం లేదు. ఒకసారి ఎస్‌ప్లనేడ్ దగ్గర నడుస్తున్నాం. ముందున్న నాయకుడు నినాదం ఇచ్చాడు. వందల పిడికిళ్ళు ఒక్కసారి పైకి లేచాయి. ఈయన టక్కున ఆగిపోయాడు. నడిరోడ్డు మీద, జనం మధ్య, రాయి పాతినట్టు. వెనకవాళ్ళు వచ్చి గుద్దుకున్నారు, ఒక ముసలాయన కళ్ళజోడు పడింది, గొడవ. "కీ హోలో దాదా?" ఏమైంది అని అందరూ అరుస్తున్నారు. ఈయన బిక్కమొహం వేసి "పిడికిలెత్తినారు గదా" అన్నాడు. నేను నవ్వలేక చచ్చాను. పోనీ ఒక్కసారి అయిందా అంటే, మళ్ళీ నినాదం, మళ్ళీ పిడికిళ్ళు, మళ్ళీ ఆగిపోయాడు. "కావాలని సెయ్యట్లేదురా, కాళ్ళు ఆగిపోతన్నాయి" అన్నాడు. ఆ తర్వాత యూనియన్ వాళ్ళు తెలివిగా ఆయన చేతికి బ్యానరు కర్ర ఇచ్చి అందరికంటే ముందు నడిపించేవాళ్ళు. పిడికిళ్ళన్నీ వెనకే ఉంటాయి, కనిపించవు. ఏళ్ళ తరబడి మా డాక్ ఊరేగింపులకు ముందు నడిచింది ఈయనే. కొత్తవాళ్ళు ఎవరో పెద్ద నాయకుడనుకునేవారు.

తర్వాత పెట్టెల ఓడలు వచ్చాయి. కంటైనర్లన్నమాట. వాటికి వేరే పెద్ద క్రేన్లు, వేరే మనుషులు. మా క్రేన్ నెలలో సగం రోజులు ఊరికే నిలబడేది. మేము షెడ్డులో కూర్చుని పేకాడేవాళ్ళం. ఈయన పేకాడడు. గంగ వంక చూస్తూ కూర్చునేవాడు. నలభై ఏడో, నలభై ఎనిమిదో వయసు. మాట తగ్గిపోయింది, పాన్ ఎక్కువైంది. అక్క నాతో "ఏటో అవుతంది తమ్ముడా ఈ మనిషికి" అనేది. నాకూ కనిపిస్తూనే ఉంది, ఏం చెయ్యాలో మాత్రం తెలియదు.

అలాంటప్పుడు దొరికింది ఆ సైకిలు. ఏదో ఓడ వంటవాడు జబ్బుపడి విమానంలో వాళ్ళ దేశం వెళ్ళిపోతూ దాన్ని జెట్టీ మీద వదిలేశాడు. లావు టైర్లు, ముందూ వెనకా స్ప్రింగులు, నల్ల రంగు. మా వీధి వాళ్ళు గేదె సైకిలు అన్నారు. ఈయన దాన్ని కొబ్బరినూనె రాసి తుడిచేవాడు. అక్క గుమ్మంలో నిలబడి చూసి "నన్నెప్పుడైనా అలగ సూసినావేటి?" అంది. "నువ్వు తుప్పట్టవు గదే" అన్నాడు. చాలా రోజులకు ఆ గదిలో నవ్వు వినిపించింది.

ఆయనకు ఆ సైకిలు మీద తిరగడం అక్కర్లేదు, దిగడం కావాలి. షాలిమార్ యార్డు వెనక పోసిన మట్టిదిబ్బలెక్కి దిగేవాడు. గంగ మీద రెండో వంతెన వాలు దిగబోతే పోలీసు లాఠీ పట్టుకుని తరిమాడు. చివరకు న్యూ టౌన్‌లో కొత్తగా కట్టి ఇంకా బస్సులు వదలని వంతెన ఒకటి చూసి పెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున్నే నన్ను వెనక కూర్చోబెట్టుకుని వాట్‌గంజ్ నుంచి అంత దూరం తొక్కేవాడు. పైకి నెట్టుకుంటూ ఎక్కడం, కిందికి జారడం, మళ్ళీ ఎక్కడం. కింద నిలబడి చూడటం నా పని. "ఇదేం పిచ్చి బావా?" అంటే మళ్ళీ సైకిలు పైకి నెట్టుకుంటూ పోయేవాడు.

అక్కడే పరిచయమయ్యాడు శ్రవణ్. వరంగల్ వైపు కుర్రాడు, కంప్యూటరు ఉద్యోగం, ఖరీదైన సైకిలు, హెల్మెట్టు. మా తెలుగు విని ఆగాడు. "అన్నా, మీరు తెలుగోళ్ళా? బ్రేకు గట్ల ఒక్కసారి గుంజితె ముందుకు వడ్తరు. సన్నగ పట్టాలె, ఇడవాలె, పట్టాలె" అన్నాడు. వాడి మాట మాకూ, మా మాట వాడికీ సగమే అర్థమయ్యేది. అయినా వాడు ఓపికగా నేర్పాడు. బావ బాగా నేర్చుకున్నాడు. కొన్ని నెలలకు శ్రవణ్ చెప్పాడు, ఉత్తరాన కర్సియాంగ్ అనే ఊరి పైన కొండ మీద సైకిలు పందెం పెడుతున్నారు, పై నుంచి కిందికి, ఊరికే సరదాగా తొక్కేవాళ్ళకు కూడా విడిగా ఒకటి ఉంది, పేరు ఇస్తే వెళ్దాం అని. బావ మొహం చూడాల్సింది. కొండంటే ఏమిటో కలకత్తాలో పుట్టి పెరిగిన మనిషికి ఏం తెలుసు? మాకు ఎత్తు అంటే వంతెనే.

అక్క ససేమిరా అంది. వంట మానేసింది. "నీ ఈడేటి, నువ్వు సేసే పనేటి? కొండ మీద నుంచి దొర్లుతాడంట. జనాలు నవ్వరేటి?" అని గొడవ. ఆయన మూడు పూటలు మూరీ, అదే మరమరాలు, తిని ఊరుకున్నాడు. నాలుగో పూట, నేనూ అక్కడే ఉన్నాను, అన్నాడు: "ఇన్నేళ్ళూ ఊరోళ్ళ సరుకు దించినానే. నన్ను నాను ఒక్కపాలి దింపుకుంతాను. అంతే. మరేటీ అడగను." ఆయన అంత మాట అనడం నేను వినలేదు. అక్కా వినలేదు. లేచి పొయ్యి వెలిగించింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు కూడా ఎల్తావా తమ్ముడా?" అంది. వెళ్తానన్నాను. "నువ్వున్నావంటే పంపుతన్నాను. మనిషిని మనిషిలాగ తే" అంది. తెస్తానన్నాను. ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

కొండ మీద మొదటి రోజు ఆయన చిన్నపిల్లాడైపోయాడు. మబ్బులోకి చెయ్యి పెట్టి చూశాడు. అరువు తెచ్చిన హెల్మెట్టూ, మోకాలి కవచాలూ వేసుకుని అద్దంలో చూసుకుని "దొంగోడిలా ఉన్నాను" అన్నాడు. శ్రవణ్‌తో రెండుసార్లు దారంతా దిగి చూశాడు. రెండుసార్లూ పడ్డాడు, పెదవి చిట్లింది, నవ్వుతూనే లేచాడు. మర్నాడు పందెం అనగా ఆ సాయంత్రం ముగ్గురం ఆ దారి వెంట నడిచాం. సగం దిగాక ఒక చోట బండరాయి అంచు వస్తుంది. అక్కడ దారి ఉన్నట్టుండి మాయమవుతుంది. అంచు అవతల నిలువెత్తు పల్లం, దాని కింద ఎడమకు మలుపు, టీ మొక్కలు. పై నుంచి వచ్చేవాడికి ఆ పల్లంలో ఏముందో కనపడదు. బావ అక్కడ గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఒరే సింహాచలం, ఇది ఓడ కడుపేరా" అన్నాడు.

"అవును బావా."

"అలగైతే నువ్విక్కడ నిలబడు."

శ్రవణ్ ఒప్పుకోలేదు. "అన్నా, గట్ల ఉండది. దారి మనమే గుర్తువెట్టుకోవాలె. జెండా పట్టుకునేటోళ్ళు ఉంటరు, ఎవ్వలన్న పడ్డరంటె ఆళ్ళే జెండా ఊపుతరు" అని నచ్చజెప్పాడు. బావ వినలేదు. "జెండావోడు నాకు తెలీదు. ఈడు తెలుసు" అన్నాడు. పందెంలో వందమంది దిగుతారు గాని సిగ్నల్‌మ్యాన్‌ను వెంటబెట్టుకొచ్చినవాడు ఈయన ఒక్కడే అయి ఉంటాడు. నాకు గర్వంగానే ఉంది. ఎందుకు అబద్ధం చెప్పాలి, చాలా గర్వంగా ఉంది.

తెల్లారి మంచు. రెండు పక్కలా రిబ్బను కట్టారు. నేను దానికి ఇవతల ఒక రాయి మీద నిలబడ్డాను. అక్కడి నుంచి పైదారీ కనిపిస్తుంది, కింద పల్లమూ కనిపిస్తుంది. జెండా పట్టుకోవాల్సినవాడు కాసేపు నాతో పాటే నిలబడి, చలికి వణికి, పై మలుపులో ఉన్న టీ కొట్టుకు వెళ్ళాడు. జెండా కూడా పట్టుకుపోయాడు. ఒకడి తర్వాత ఒకణ్ణి పై నుంచి వదులుతున్నారు. చప్పుడు ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు. అంచు దాటుతాడు, మలుపు తిరిగి పోతాడు. అలా చాలామంది పోయారు.

బావ కంటే ముందు వచ్చినవాడు నీలం చొక్కా కుర్రాడు. అంచు దాటాడు, పల్లంలో చక్రం జారింది, పడ్డాడు. దారికి అడ్డంగా వెల్లకిలా. సైకిలు మీద పడింది, కాలు చట్రంలో ఇరుక్కుంది. "లే బాబూ, లే, పక్కకు జరుగు" అని అరిచాను. వాడు కాలు లాక్కుంటున్నాడు, రావడం లేదు. ఇంతలో పైన రాళ్ళ చప్పుడు. తలెత్తి చూశాను. బావ వస్తున్నాడు.

ఎంత బాగా వస్తున్నాడని! మోచేతులు బయటికి పెట్టి, సీటు మీంచి లేచి, వేర్ల మీద, రాళ్ళ మీద తేలుతూ వస్తున్నాడు. నేను ఆయన్ను అంత సుఖంగా ఎప్పుడూ చూడలేదు. ఆయన దారి చూడటం లేదు. హెల్మెట్టులోంచి రెండు కళ్ళు తిన్నగా నా చేతిని చూస్తున్నాయి.

నేను పిడికిలి బిగించి పైకెత్తాను.

ఆయన ఆగాడు. శ్రవణ్ నేర్పిన సన్నగా పట్టడం, విడవడం, అదంతా ఎక్కడికి పోయిందో పోయింది. హుక్కును ఆపినట్టు ఆపేశాడు. రెండు బ్రేకులూ ఒక్కసారి, పిడికిళ్ళతో. క్రేన్ అయితే ఆగేది. సైకిలు ముందు చక్రం మీద నిలబడిపోయింది, ఆయన దాని మీదుగా అంచు దాటి, తలకిందులుగా, ఆ కుర్రాడికి జానెడు దూరంలో రాతి మీద పడ్డాడు. నేను రాయి మీంచి దూకి పరుగెత్తాను. ఆ కుర్రాడు బావ వైపు చూశాడు. వాడి మొహం తెల్లబోయింది. అప్పటికి కాలు ఊడివచ్చినట్టుంది. లేచాడు. సైకిలు ఎత్తాడు. ఎక్కి వెళ్ళిపోయాడు. "ఒరే, ఆగరా! దాదా, దాఁడాన్!" అని తెలుగులో, బెంగాలీలో, నాకొచ్చిన అన్ని భాషల్లో అరిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. భయపడ్డాడో, పందెం పోతుందనుకున్నాడో, ఆ దేవుడికే తెలియాలి.

బావకు స్పృహ ఉంది. "కాళ్ళేవిరా?" అన్నాడు. ఉన్నాయి బావా, ఇక్కడే ఉన్నాయి అన్నాను. "అలగా" అన్నాడు.

సిలిగురిలో ఒక ఆసుపత్రి, తర్వాత కలకత్తాలో ఒకటి. మెడ ఎముక విరిగి లోపల నరం దెబ్బతింది, ఇక మెడ కింద ఏదీ కదలదు అన్నారు. పందెం పెట్టినవాళ్ళ దగ్గరికి శ్రవణ్ నాలుగైదుసార్లు తిరిగాడు. పాపం, వాడు సెలవులు పెట్టుకుని తిరిగాడు. చివరకు వాళ్ళు చెప్పింది ఏమిటంటే, ఆ చోట ఎవరూ పడలేదు. జెండావాడు అక్కడినుంచి కదల్లేదని ప్రమాణం చేశాడు. రిబ్బను బయట నిలబడ్డ ప్రేక్షకుడొకడు చెయ్యి ఊపితే చూసి రైడరు తికమకపడ్డాడు. ప్రేక్షకుణ్ణట నేను! ఇరవయ్యేళ్ళ సిగ్నల్‌మ్యాన్ ప్రేక్షకుడయ్యాడు. వాళ్ళ నోట్లో మన్నుపడ. నీలం చొక్కావాళ్ళు ఆ పందెంలో ఒక గుంపే ఉన్నారు. శ్రవణ్ అందరినీ అడిగాడు. పడ్డది నేనే అని ఒక్కడూ అనలేదు.

ఆ మాటలన్నీ శ్రవణ్ ఆసుపత్రి వరండాలో మాకు చెప్పాడు, నేల చూస్తూ. అక్క విని నా వైపు చూసింది.  తిడితే బాగుండేది.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆయన ఆ గదిలో, కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. ప్రతి ఆదివారం నేను వెళ్ళి గడ్డం గీసేవాణ్ణి, గోళ్ళు తీసేవాణ్ణి, అక్కతో కలిసి పక్కకు తిప్పేవాణ్ణి. నోరు మాత్రం బాగానే ఉండేది. "ఎడం పక్క మీసం ఎత్తుగా ఉంది, డాక్‌లో అయితే నీ సిగ్నల్ ఇంత వంకర నేదురా" అని సతాయించేవాడు. "నానిప్పుడు సరుకుని. ఎటు తిప్పితే అటే. జాగర్తగా దించండి, పగిలిపోతాను" అని నవ్వేవాడు. మేము నవ్వలేకపోయేవాళ్ళం. డాక్ కబుర్లు అడిగేవాడు, ఫుట్‌బాల్ అడిగేవాడు, మా పిల్లల చదువు అడిగేవాడు. ఆ ఒక్కటీ అడిగేవాడు కాదు.

ఒకసారి యూనియన్ మనిషి చూడటానికొచ్చి, సానుభూతికే అనుకోండి, "సిగ్నల్ భూల్ ఛిలో" అన్నాడు, సిగ్నల్ తప్పయిందని. నేను అక్కడే ఉన్నాను. అక్కా ఉంది. బావ గొంతు ఒక్కసారి పాత గొంతయింది. "సిగ్నలిచ్చినోడు సూసినాడు. నాను సూడనేదు. సూడనోడు మాటాడకూడదు" అన్నాడు తెలుగులోనే. ఆ మనిషికి అర్థం కాలేదు గాని నోరు మూసుకున్నాడు. ఆ రోజు నేను ఇంటికి వెళ్ళి కడుపునిండా అన్నం తిన్నాను. ఆ మాట ఒక్కటి చాలు నాకు, ఇంకెవరేమన్నా ఫర్వాలేదు అనుకున్నాను. దాని మీదే బతికాను.

అక్క మాత్రం ఒకసారి కుళాయి దగ్గర నన్ను ఆపింది. "తమ్ముడా, నిజంగా ఉన్నాడేటి ఆ గుంటడు? మంచులో నీకలగ అనిపించినాదేటి?" అంది. ఉన్నాడక్కా, నా పిల్లల మీద ఒట్టు అన్నాను. "పిల్లల మీద ఒట్టెయ్యకు" అని బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాతా ఆదివారం ఆదివారం టీ ఇచ్చేది. చేతికి ఇచ్చేది కాదు, స్టూలు మీద పెట్టేది.

ఎన్నికల వేసవి వచ్చింది. ఇన్నేళ్ళ ఎర్రజెండా ప్రభుత్వం పోతుందని అందరూ అనుకుంటున్నారు, వీధి నిండా మైకులు. బావకు ఒంటి మీద పుళ్ళు పడ్డాయి, జ్వరం తగ్గడం లేదు. చిక్కి సగమయ్యాడు. ఆ ఆదివారం సబ్బు నురగ రాసి ఒక చెంప గీశాను. రెండో చెంపకు తిప్పుతుంటే నా కళ్ళలోకి చూశాడు.

"ఒరే సింహాచలం."

"ఊఁ."

"ఒక మాటడుగుతాను. కోపడకు."

రేజరు నీళ్ళ గిన్నెలో పెట్టాను. ఆ మూల అక్క స్టవ్ మీద గంజి కాస్తోంది.

"ఆ గుంటడు నిజంగా పడున్నాడేటి?"

 అందరూ అడిగారు, అడిగినవాళ్ళందరినీ తిట్టుకున్నాను, నా బావ ఒక్కడు అడక్కుండా ఉంటే చాలనుకున్నాను. నాలుగేళ్ళు ఆ కప్పు కేసి చూస్తూ, కదలకుండా, ఆ మాటను ఎన్నిసార్లు మింగి ఉంటాడు!

"పడున్నాడు బావా" అన్నాను.

"మళ్ళీ సెప్పు."

"పడున్నాడు. నీలం చొక్కా. సైకిలు మీద పడింది. కాలు ఇరుక్కుంది."

అక్క స్టవ్ ఆపేసింది. 

"ఇంకోపాలి సెప్పు."

ఇంకోసారి చెప్పాను. చూసింది చూసినట్టు చెప్పాను, ఒక్క అక్షరం కల్పించలేదు. అయినా మూడోసారి చెప్తుంటే నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. ఆయన నా మొహం వంకే చూస్తున్నాడు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

"సరే, గియ్యి. సబ్బు ఆరిపోతంది" అన్నాడు.

రెండో చెంప గీశాను. తడిగుడ్డతో మొహం తుడిచాను. అక్క టీ తెచ్చి స్టూలు మీద పెట్టింది. ఆ వారంలోనే ఆయన పోయాడు.